తుపాకీ లేని థ్రిల్లు!

మా అయిజలో సాయంత్రం టీకొట్టు దగ్గర నలుగురు పిల్లగాళ్లు చేరారంటే నాలుగు ఫోన్లలోనూ యుద్ధమే! 2020లో పబ్‌జీని నిషేధిస్తే, 2021లో దాదాపు అదే ఆట బీజీఎంఐ పేరుతో దిగింది. వందమంది దూకుతారు, చివరిదాకా మిగిలినవాడిదే గెలుపు. నేనూ ఆడతాను, దాచడమెందుకు? కానీ ఫోను జేబులో పెట్టాక, పడిపోయినవాళ్లలో ఒక్కడైనా గుర్తుండడే!

అదే 2021లో వచ్చిన ఆండీ వెయిర్ ఇంగ్లీషు నవల 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' సంగతి చూడండి. హీరో ఓ సైన్సు పంతులు. సూర్యుడి శక్తిని తినేస్తున్న సూక్ష్మజీవికి విరుగుడు వెతుకుతూ, తోటివాళ్లు పోగా, అంతరిక్షంలో ఒంటరిగా మిగిలాడు. అక్కడ గ్రహాంతరవాసి ఎదురైతే... తూటా పేల్చడు! స్వరాల్లా వినిపించే దాని మాటల్ని ఓపిగ్గా కూర్చుని నేర్చుకుంటాడు. ఏ ఫైటింగులోనూ నాకింత ఉత్కంఠ దొరకలేదు.

1991 నాటి 'ఆదిత్య 369'లో మనల్ని లాగింది కూడా ఈ కుతూహలమే కదా! యండమూరి 'చీకట్లో సూర్యుడు' లాంటి నవలలు తెలుగులో మరిన్ని రావద్దూ? ఆటేమో నిమిషాల్లో ఫోనులోకి దిగుతుంది. మంచి నవల కోసం నేను మాత్రం ఇప్పటికీ కర్నూలు బస్సే ఎక్కుతున్నాను.