ఎగిరేది బూటా, కాలా?



ఈ నెలంతా మా గదిలో లైట్లు ఆర్పాక కూడా ఒకటే వాదం. లాంగ్‌జంప్‌కి బూట్లు కావాలా, ఒట్టి కాళ్లే మేలా? అక్కలు బూట్లే అంటారు. మా తరగతి వాళ్లేమో "కొండకి కట్టెలకు పోయేటప్పుడు ఏ బూట్లేసుకున్నాం?" అంటారు. జోనల్ ఆటలకి మన స్కూలు నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఇద్దరం మిగిలాం, అందులో నేనొకదాన్ని. కాబట్టి నాకిది ఉత్త కబుర్లు కాదు.

బూటులో ఏమీ లేదనలేం. 1957లో సోవియట్ యూనియన్‌కి చెందిన యూరి స్తెపనోవ్ హైజంప్‌లో 2.16 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఎగిరే కాలికి వేసుకున్న బూటు సోలు బాగా మందం. దాని మీద పెద్ద గొడవైంది. రికార్డు ఉంచారు గానీ సోలు మందానికి హద్దు పెట్టారు. ఇప్పుడు జంపర్ల బూటు సోలు 20 మిల్లీమీటర్లు దాటకూడదు, మేకులు 11 దాటకూడదు. ఏ లాభమూ లేనిదానికి ఇన్ని రూల్సు ఎవరు రాస్తారు చెప్పండి!

ఆ రూల్స్‌లోనే ఇంకో మాట ఉంది. ఒట్టి కాళ్లతో దూకొచ్చు, రెండు బూట్లతో దూకొచ్చు, ఒక్క కాలికే బూటేసుకునీ దూకొచ్చు. పోయినేడు ఆటల దగ్గర మనల్ని చూసి "చెప్పుల్లేని పిల్లలు" అని నవ్వినవాళ్లకి ఇది చదివి వినిపించాలని ఉంది.

పి.ఇ.టి. మేడంని టేపు అడిగి నాలుగు సాయంత్రాలు కొలిచాం. ఒకరోజు ముందు బూట్లతో, మర్నాడు ముందు ఒట్టి కాళ్లతో. లేకపోతే అలసట లెక్కలో కలిసిపోతుంది. నాకిచ్చిన కాన్వాసు ఒక సైజు పెద్దది, ముందు కాగితాలు కుక్కుకుంటాను. నాలుగు రోజులూ దాంతోనే తక్కువొచ్చింది. ఒట్టి కాళ్లతో దాదాపు జానెడు ఎక్కువ. పక్క మంచం అమ్మాయి కాన్వాసు నాకు అతికినట్టుంటుంది, దాంతో ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువ.

పలక మీద కాలు ఆగేది సెకనులో పదో వంతు, కాస్త ఎక్కువ, అంతే. ఆ కాసేపట్లో పాదం బూటు లోపల జారితే తన్నే బలం అందులోనే పోతుంది. ఒట్టి కాలికి ఆ జారుడూ లేదు, బరువూ లేదు. కానీ మడమ పలకకి ఠప్పున తగులుతుంది. మూడోసారికే భయమేసి పరుగు తగ్గుతుంది. వాన పడ్డాక మన ఎర్రమట్టి సంగతి చెప్పక్కర్లేదు. మేకుల బూట్ల పని అక్కడే, కాలు జారనివ్వవు.

స్వప్నా బర్మన్‌కి రెండు పాదాలకీ ఆరేసి వేళ్లు. జల్పాయిగురి రిక్షా కార్మికుని కూతురు. బూట్లు పట్టక నొప్పితోనే 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో హెప్టాథ్లాన్ బంగారం తెచ్చింది. హైజంపు, లాంగ్‌జంపు రెండూ ఉంటాయి అందులో. ఆమె పాదానికి సరిపడా బూట్లు ప్రత్యేకంగా చేయించింది బంగారం వచ్చాకే.

కొండల్లో తిరిగిన మన వేళ్లు విచ్చుకుని ఉంటాయి. తరగతిని బట్టి సైజు రాస్తే పట్టవు. మేడం, ఈసారి ఇండెంటు పంపేముందు ఒక్కొక్కరి పాదం కాగితం మీద పెట్టి గీయించండి. మా గదివి పద్నాలుగూ గీసి ఆఫీసు బల్ల మీద పెట్టాం.

సెలక్షన్లో నాతో మిగిలిన రెండో అమ్మాయి ఆ పక్క మంచం అమ్మాయే. ఆమె ఎగిరేది కుడికాలితో, నేను ఎడమకాలితో. ఉన్నది ఒక జత. చెరొకటి వేసుకుంటాం, మాటిమాటికీ లేసులు విప్పే పనుండదు.