ఒక డిస్కు, మూడు లినక్సులు, ఒక తవుడు బిల్లు

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు పండక్కి ఇంటికొస్తున్నాడంటే ఇంట్లోవాళ్ళు అతనికోసం రెండు పనులు అట్టేపెట్టి ఉంచుతారు. ఒకటి అమ్మ ఫోన్లో నిండిపోయిన వాట్సాప్ ఫొటోలు తీసెయ్యడం. రెండోది నాన్నగారి కంప్యూటరు చూడ్డం. ఈ సంక్రాంతికి నేను మొదటిది పది నిమిషాల్లో చేసి మెప్పు పొందాను. రెండోదాని గురించే ఈ సోదంతా.

ఇటు తాడేపల్లిగూడెం, అటు భీమవరం, మధ్యలో మా గణపవరం. నాన్నా, బాబాయీ కలిసి ఎనిమిదెకరాల చేపల చెరువు లీజుకి చేస్తున్నారు. తవుడు, చెక్క, మందులు, కూలీలు, కరెంటు - ఈ ఖర్చులన్నీ నాన్న బిల్లులు చూసి చెప్పడం, నేను ఊరొచ్చినప్పుడల్లా ఒక స్ప్రెడ్‌షీటులో ఎక్కించడం. పట్టుబడి అయ్యాక ఆ ఫైలు ముందు పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ లెక్క తేల్చుకుంటారు. ఈసారి ముక్కనుమ నాడు కూర్చుందామని ముందే అనుకున్నారు. నెట్‌లో పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. "మన లెక్కలు ఊరందరికీ ఎందుకురా?" అన్నారు. కాబట్టి ఆ ఫైలుకి ఆ కంప్యూటరే దిక్కు.

ఆ కంప్యూటరు నేను ఇంజినీరింగులో ఉన్నప్పుడు కొన్నది. 500 జీబీ హార్డుడిస్కు, పాత బయోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 కావాలి, అది మా డబ్బాలో లేదు. బంగారంలాంటి కంప్యూటరు పారేస్తామా? లినక్స్ వేద్దాం అనుకున్నా. ఏ లినక్స్? మింట్, డెబియన్, ఫెడోరా మూడూ పక్కపక్కనే వేసి, నాన్నకి ఏది చేతికి అలవాటైతే అది ఉంచి మిగతావి తీసేద్దాం అనుకున్నా. ఆఫీసులో వందల సర్వర్లకి స్క్రిప్టు రాసి డిస్కులు పంచే మనిషిని. నాకిదో లెక్కా!

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. డి డ్రైవు కుదించి వంద జీబీ ఖాళీ చేస్తే, ఇన్‌స్టాలరు ఆ ఖాళీని చూపిస్తూనే "ఇది వాడలేవు" అంది. కారణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో పార్టిషన్ల పట్టికకి దక్కేది 64 బైట్లు. ఒక్కో పార్టిషనుకి 16 చొప్పున నాలుగంటే నాలుగే గడులు. విండోస్ తన సొంతానికి ఒక చిన్న పార్టిషను, తర్వాత సి, డి, ఇ. నాలుగూ నిండిపోయాయి. స్థలం ఉంది గానీ రాసుకోడానికి రిజిస్టర్లో గడి లేదు.

దీనికి మందు ఎక్స్‌టెండెడ్ పార్టిషను. నాలుగు గడుల్లో ఒకటి దానికిచ్చేస్తే, దాని కడుపులో ఎన్ని లాజికల్ పార్టిషన్లైనా చేసుకోవచ్చు. వాటి నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. సరే, ఇ డ్రైవులో ఉన్నదంతా డి లోకి మార్చి, ఇ తీసేసి, ఆ జాగాని పంచాను: 5 స్వాప్, 6 మింట్, 7 డెబియన్, 8 ఫెడోరా, 9 నాన్న లెక్కలు. స్వాప్‌కి నాలుగు జీబీ, మిగతా వాటికి తలా నలభై ఐదు. ఎవరికీ అన్యాయం జరక్కుండా సమానంగా పంచానని ముచ్చటపడి ఒక కాగితం మీద రాసి మానిటరుకి అంటించాను. విండోస్ ఎలాగూ పోయేదే కదా అని లెక్కల ఫోల్డర్ని 9లోకి పంపాను. కాపీ చెయ్యలేదండోయ్, మూవ్ చేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మూడూ ఎక్కాయి. చిల్లర గొడవలు మొదలయ్యాయి. ఒక్కో ఇన్‌స్టాలరూ వస్తూనే స్వాప్‌ని కొత్తగా ఫార్మాట్ చేసింది. దాంతో దాని యూయూఐడీ మారిపోయింది. ముందొచ్చిన మింట్ పాత యూయూఐడీ కోసం బూటయినప్పుడల్లా తొంభై సెకన్లు ఎదురుచూస్తూ కూర్చునేది. ఆఖరున వచ్చిన ఫెడోరా బూట్ తాళాలు తన దగ్గరే పెట్టుకుంది. పైగా 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క సిస్టముల్ని వెతికి మెనూలో పెట్టే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్టుగా ఆపేశారు. మనమే సెట్టింగు మార్చి లేపాలి. ఇవన్నీ తెలిసిన రోగాలే, సర్దుకున్నా.

భోగి, పండగ, కనుమ మూడు రోజులూ నాన్న మూడూ చూశారు. "ఇదే బాగుందిరా, అచ్చం పాతదాన్లానే ఉంది," అని మింట్ దగ్గర ఆగారు. కనుమ రాత్రి నేను డెబియన్ తీసేశాను, అంటే 7. రీబూట్ చేస్తే నల్లటి తెర మీద గ్రబ్ రెస్క్యూ అని ఒక్క లైను. లైవ్ యూఎస్‌బీ పెట్టాను. ఎలాగూ తీసేద్దామనుకున్నదే కదా, ఇదే చేత్తో ఫెడోరా కూడా తీసేసి అప్పుడు గ్రబ్ బాగుచేద్దాం అనుకున్నా. కాగితం చూశాను. ఫెడోరా 8. ఎఫ్‌డిస్క్ తెరిచి 8 కొట్టేశాను, రాసేశాను. మింట్ నుంచి గ్రబ్ మళ్ళీ వేశాను.

రీబూట్ చేస్తే మెనూలో ఫెడోరా నిక్షేపంలా ఉంది.

చంపేసినవాడు గుమ్మంలో నిలబడి పలకరిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒళ్ళు చల్లబడింది. జరిగిందేమిటంటే, లాజికల్ పార్టిషన్లు ఒక గొలుసు. ఒక్కోటి తన తర్వాతది ఎక్కడుందో చెబుతుంది. మధ్యలో ఒక లింకు తీసేస్తే వెనకున్న వాటి నంబర్లన్నీ ఒకటి ముందుకి జరుగుతాయి. 7 తీశాక ఫెడోరా 7 అయింది, లెక్కలు 8 అయ్యాయి. గ్రబ్ తన ఫైళ్ళ కోసం 8కి వెళ్ళి, అవి కనపడక ఆగిపోయింది. అంటే కంప్యూటరు నాకు ముందే చెప్పింది. నేను వినలేదు, కాగితాన్ని నమ్మాను. సైజు తేడా ఉన్నా పట్టుకునేవాణ్ణేమో, అన్నీ సమానంగా పంచిన ధర్మరాజుని కదా :-)

ఇంక డిస్కు మీద ఒక్క బైటు కూడా రాయకూడదని మాత్రం బుద్ధి పనిచేసింది. లైవ్ యూఎస్‌బీలోంచి టెస్ట్‌డిస్క్ నడిపాను. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. క్విక్ సెర్చ్‌లో దొరకలేదు. డీపర్ సెర్చ్ పెట్టాను. అది డిస్కంతా నడుచుకుంటూ పోతుంది.

నాన్న లేచి వచ్చారు. "ఏరా, ఇంకా అవలేదా?" దాచి ప్రయోజనం లేదు, చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. మేకుకి వేలాడుతున్న ఊచ దింపారు. ఏడాది బిల్లులన్నీ దానికి గుచ్చి ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితాల వెనకాల ఒక్కోటీ రాయడం మొదలెట్టారు. "బాబాయికి చెప్పమంటారా?" అన్నాను. "ఏమని? నీ కొడుకు లెక్కలు చెరిపేశాడని వాడికి నేను చెప్పాలా?" అన్నారు. తిట్టినా బాగుండేది. అన్నదమ్ముల మధ్య లెక్క అంటే డబ్బొకటే కాదు. ఆ ఫైలు లేకపోతే బాబాయి ఏమీ అనడు, నాకు తెలుసు. ఆ అనకపోవడమే నాన్నని పొడిచేది.

రెండు గంటలకు పైగా ఇద్దరం అలా కూర్చున్నాం. ఆయన ఊచ దగ్గర, నేను తెర దగ్గర. అప్పుడు అర్థమైంది: పాస్‌బుక్కు పోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. నేను చెరిపింది రిజిస్టర్లో ఒక లైను, అంతే. ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాకు నకళ్ళని పార్టిషను పొడుగునా అక్కడక్కడా దాచుకుంటుంది. పొలంలో పాతిన సరిహద్దు రాళ్ళన్నమాట. టెస్ట్‌డిస్క్ ఆ రాళ్ళని పట్టుకుని గట్టు ఎక్కడుండేదో లెక్కగట్టింది. తెల్లవారుజామున లెక్కల ఫోల్డరు కనపడింది. ముందు పెన్‌డ్రైవులోకి కాపీ. ఈసారి కాపీయే.

మా ప్రాంతం వాళ్ళకి గట్ల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కొల్లేరులో ఐదో కాంటూరు లోపల చేపల చెరువుల కోసం ఎవరికి వారు గట్లు పోసుకుంటే, బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు ఉప్పుటేరు వైపు పారడానికి దారి లేకుండా పోయింది. చివరికి 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టించింది. నేనప్పుడు చిన్నవాణ్ణి. కొల్లేరు పక్కన పెరిగి కూడా, డిస్కులో గట్టు మీద గట్టు పోశాను. నాలుగు రోజులకే మింట్ జాగా నిండింది, పక్కనున్న ఫెడోరాది ముప్పావు వంతు ఖాళీ. గట్టు దాటించే దారి లేదు.

కొత్త కంప్యూటర్లలో జీపీటీ ఉంటుంది కాబట్టి ఈ బాధ చాలావరకు లేదు. మామూలుగా 128 గడులుంటాయి, ఒకటి తీస్తే మిగతావాటి నంబరు మారదు, పట్టిక నకలు డిస్కు చివర ఇంకోటి ఉంటుంది. యూఈఎఫ్ఐలో ఒక్కో లినక్స్‌కీ దాని ఫోల్డరు దానిది. పాత డబ్బా మీద ప్రయోగాలు చేసేవాళ్ళు మాత్రం నంబర్లని నమ్మకండి, పార్టిషన్లకి లేబుళ్ళు పెట్టండి. చెయ్యి పెట్టేముందు పట్టికని ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో ఒక ఫైలులోకి తీసి బయట దాచుకోండి. రుచి చూడ్డానికే అయితే లైవ్ యూఎస్‌బీయో, వర్చువల్ మెషీనో చాలు. మా ఇంట్లో ఇప్పుడు రెండే గట్లు: మింట్ ఒకటి, లెక్కలు ఒకటి.

ముక్కనుమ నాడు బాబాయి వచ్చాడు. నాన్న క్యాలెండరు కాగితాలూ, నా స్ప్రెడ్‌షీటూ పక్కపక్కన పెట్టాం. మొత్తాలు కలవలేదు. వెతికితే, దసరా ముందు వచ్చిన ఒక తవుడు బిల్లు నేను ఎక్కించనే లేదు. రాత్రంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుని వెనక్కి తెచ్చిన ఫైలే తప్పు, ఊచకి గుచ్చినదే ఒప్పు.

బాబాయి ఆ బిల్లు చూసి, "నిరుడు లెక్క కూడా వీడే చేశాడు కదన్నయ్యా?" అన్నాడు. ముగ్గురం నవ్వాం గానీ, నేను కొంచెం తక్కువ నవ్వాను. నిరుటి ఊచ అటక మీదుంది. వచ్చే పండక్కి నాకు పని దొరికింది.