కొంగతో పాటు కొల్లేరూ పడాలి!

చలికాలంలో చుట్టాలొస్తే కొల్లేరు చూపించకుండా పంపడానికి ఏలూరు వాళ్ళకు మనసొప్పదు. తెల్లారకముందే టిఫిన్లు కట్టుకుని కైకలూరు పక్కనున్న ఆటపాక బయల్దేరతారు. పక్షుల్ని చూస్తారు. పిల్లలు కేరింతలు కొడతారు. కెమెరా ఉంటే కెమెరాతో, లేకపోతే సెల్‌ఫోన్‌తో టకటకా ఫొటోలు తీస్తారు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే... నీళ్ళ మీద ఓ తెల్ల చుక్క. పెద్దది చేసి చూస్తే ఈకలు లేని సున్నపు మచ్చ! ఆకాశంలో ఎగిరిన కొంగేమో అచ్చం కాకి!

'మన కెమెరా మంచిది కాదు' అని తేల్చేస్తారు చాలామంది. నిజానికి తప్పు కెమెరాది కాదు. తెల్లటి పక్షులు, మెరిసే నీళ్ళు, అడ్డులేని ఆకాశం... ఈ మూడూ ఒకచోట చేరితే ఖరీదైన కెమెరా కూడా తికమకపడుతుంది. దాన్ని దారిలో పెట్టే కిటుకులు రెండు మూడు తెలిస్తే చాలు, కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు కూడా కొల్లేటిని కళ్ళకు కట్టినట్టు తీయొచ్చు.

తెల్ల కొంగ నల్లగా ఎందుకు?

కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఉంటుంది. దానికి కొంగకూ గేదెకూ తేడా తెలియదు. ఎదుట ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిదరంగంత వెలుగు ఉంటుందన్నది దాని లెక్క. నల్లటి నీళ్ళ మీద తెల్ల కొంగ నిలబడి ఉందనుకోండి. ఫ్రేములో ముప్పాతిక వంతు నీళ్ళే. 'అబ్బో, చీకటిగా ఉంది' అనుకుని మీటరు వెలుగు ఎక్కువ తీసుకుంటుంది. కొంగ కాస్తా సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే ఫ్రేమంతా వెలుగే. ఈసారి మీటరు వెలుగు తగ్గించేస్తుంది. కొంగ నల్లబడిపోతుంది.

దీనికి విరుగుడు కెమెరా మీదే ఉంటుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మీట అదే. నల్లటి నీళ్ళ ముందు తెల్ల కొంగైతే మైనస్ 1కి తగ్గించండి. తెల్లటి ఆకాశం ముందు ఎగిరే పక్షైతే ప్లస్ 1కి పెంచండి. ఆటపాకలో ఎక్కువగా కనిపించే పెలికాన్, అదే గూడబాతు, పూర్తి తెలుపు కాదు, కాస్త బూడిదరంగు. దానికి ఇంత సవరణ అక్కర్లేదు. సెల్‌ఫోన్‌లో అయితే తెర మీద పక్షిని వేలితో తాకండి. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది, పైకి జరిపితే పెరుగుతుంది.

అనుమానంగా ఉంటే కొంచెం చీకటిగా తీయడమే మేలు. చీకటిగా వచ్చినదాన్ని కంప్యూటర్లో కాస్త తేల్చుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన ఈకల్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

వరిచేనే కొలబద్ద

ఈ లెక్క వంటబట్టాలంటే ఒకేసారి కొల్లేరు వెళ్ళక్కర్లేదు. తాడేపల్లిగూడెం దాటి ఏ కాలవగట్టు ఎక్కినా పాఠశాల సిద్ధంగా ఉంటుంది. పచ్చటి వరిచేను మీటరుకు బాగా నచ్చే దృశ్యం. ఎందుకంటే ఎండలో ఆ పచ్చదనం దాదాపు మధ్యరకం వెలుగునే ఇస్తుంది. ముందు కెమెరాను చేను వైపు తిప్పి అది చూపించే అంకెలు గుర్తుపెట్టుకోండి. మాన్యువల్ పద్ధతిలో అవే అంకెలు పెట్టి, అదే ఎండలో ఉన్న కొంగను తీయండి. తెలుపు తెలుపుగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా వస్తాయి. కొంగ మరీ మెరుస్తుంటే ఇంకొంచెం తగ్గించండి. దమ్ము చేసే ట్రాక్టరు వెనక పురుగుల కోసం బారులు తీరే కొంగలు, కరెంటు తీగ మీద కూర్చునే లకుముకి పిట్టలు... వీటితో నాలుగు ఆదివారాలు సాధన చేస్తే చెయ్యి కుదురుతుంది.

ఇక వేగం. కూర్చున్న పక్షికి సెకనులో 250వ వంతు సరిపోతుంది. పెద్ద లెన్సు పెడితే ఇంకా పెంచాలి. పడవలోంచి తీస్తే కనీసం 500వ వంతు ఉండాలి, మీరు కదలకపోయినా పడవ కదులుతుంది కదా. ఎగిరే పక్షికి 1000వ వంతు, అంతకంటే ఎక్కువ కావాలి. తెల్లవారుజామున వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 800 దాకా పెంచండి. ఫొటోలో కాస్త గరుకు వచ్చినా ఫరవాలేదు, చెదిరిన బొమ్మకంటే నయం.

ఎడమ చేతి సూర్యుడు

జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు. అప్పటినుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత... అదీ ఫొటోల వేళ. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డులో దక్షిణంగా వెళ్తుంటే పొద్దున సూర్యుడు దాదాపు ఎడమ చేతివైపు ఉంటాడు. కాబట్టి కుడివైపు కనిపించే దృశ్యాల మీద వెలుగు చక్కగా పడుతుంది, రంగులు నిండుగా వస్తాయి. ఎడమవైపు తీస్తే వస్తువులు నీడబొమ్మలవుతాయి. అదీ లోపం కాదు. కిక్కిస దుబ్బులు, తాటిదోనెలో నిలబడి వల విసిరే మనిషి నీడబొమ్మలుగానే అందంగా ఉంటారు. అప్పుడు మాత్రం వెలుగును ఆకాశాన్ని చూసి కొలవాలి. బండిని రోడ్డు పక్కన భద్రంగా ఆపి తీయాలని వేరే చెప్పాలా!

కొల్లేరు బల్లపరుపు దేశం. కొండలేవీ అడ్డురావు. అందుకే నీరూ ఆకాశమూ కలిసే గీత ఏమాత్రం వంకరపోయినా సరస్సు ఒలికిపోతున్నట్టే కనిపిస్తుంది. ముందు ఆ గీతను సరిచేసుకోండి. తర్వాత దాన్ని ఫ్రేము నడుమ నుంచి తప్పించండి. మబ్బులు బాగుంటే కిందికి దించండి, నీళ్ళలో నీడలు బాగుంటే పైకి జరపండి. ఎగిరే పక్షికి వెనక కంటే ముందు ఎక్కువ జాగా వదలండి. పడవలో నిలబడకుండా కూర్చుని తీస్తే కెమెరా పక్షి కంటికి సమానంగా వస్తుంది. ఒడ్డు మీంచి కిందికి చూస్తూ తీసిన ఫొటోకీ, దీనికీ పోలికే ఉండదు.

చోటు లేని పక్షి ఎవరిది?

కొత్తవాళ్ళందరికీ ఒకటే ఆశ, పక్షి ఫ్రేమంతా నిండాలి! పెద్ద లెన్సు లేదని దిగులు. కానీ ఫ్రేమంతా నిండిన పెలికాన్ నేలపట్టుదో, ఆటపాకదో, జూ పార్కుదో ఎవరు చెప్పగలరు? పక్షి చిన్నగా ఉన్నా పక్కనే కిక్కిస, గుర్రపుడెక్క, చేపల చెరువు గట్టు, దూరంగా తాటిచెట్ల వరస ఉంటే అది కొల్లేరే! చిన్న లెన్సు, సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళకు ఇదే వరం.

ఇది అందం కోసమే చెప్పే మాట కాదు. పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతంలో పెలికాన్ల గూళ్ళ స్థావరాన్ని గుర్తించారు. అప్పట్లో అక్కడ దాదాపు 3 వేల పెలికాన్లు గూళ్ళు కట్టుకునేవి. చేపల పెంపకం, సాగు పెరగడంతో 1975 ప్రాంతానికి ఆ స్థావరం కనుమరుగైంది. తర్వాత 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అక్రమ చేపల చెరువుల గట్లను తెగ్గొట్టింది. ఆటపాకలో అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీద నేడు పెలికాన్లు గూళ్ళు కడుతున్నాయి.

చాలామంది ఆ ఇనుప స్టాండ్లు ఫొటోలో పడకుండా తంటాలు పడతారు. పడనివ్వండి! చెట్టు కరవైన చోట పక్షి దేనిమీద బతుకుతోందో చెప్పేది ఆ ఇనుమే.

గూటి జోలికి వెళ్ళొద్దు

మంచి ఫొటో కోసం పడవను గూళ్ళ దగ్గరికి పోనివ్వమని పడవవాళ్ళను బతిమాలేవాళ్ళుంటారు. పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తే ఫొటో అదిరిపోతుందని చప్పట్లు కొట్టేవాళ్ళూ ఉంటారు. తల్లి లేచిపోతే గుడ్లు, రెక్కలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూళ్ళను, గుడ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. పక్షి తల ఎత్తి మీవైపే చూస్తూ బిగుసుకుపోయిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్ళినట్టు. అక్కడినుంచి వెనక్కి జరగడమే పద్ధతి. ఫ్లాష్ అసలే వద్దు.

ఇంటిల్లిపాదీ కలిసి చేయదగ్గ పని ఒకటుంది. కొల్లేటి గట్టున మీకు నచ్చిన చోటు ఒకటి ఎంచుకోండి. ఎప్పుడు వెళ్ళినా అక్కడే నిలబడి, అటే తిరిగి, అదే లెన్సుతో ఒక్క ఫొటో తీయండి. పిల్లల చేత తేదీ రాయించండి. వానాకాలం నిండుకుండ, వేసవిలో నెర్రెలిచ్చిన అడుగు, గుర్రపుడెక్క పాకిన ఏడాది, పక్షులు తగ్గిన ఏడాది... పదేళ్ళు తిరిగేసరికి మీ ఆల్బమ్‌లో కొల్లేటి కథ ఉంటుంది. 1975కు ముందు అలాంటి ఆల్బమ్ ఇంటికొకటి ఉండి ఉంటే ఆ 3 వేల పెలికాన్లు ఎలా తగ్గిపోయాయో ఏడాదివారీగా చూసి ఉండేవాళ్ళం.

ఎలా వెళ్ళాలి?

విజయవాడ-విశాఖపట్నం రైలు మార్గంలో తాడేపల్లిగూడెం, ఏలూరు రెండూ ఉన్నాయి. ఏలూరులో దిగి రోడ్డు మార్గంలో కైకలూరు మీదుగా ఆటపాక చేరుకోవచ్చు. గూళ్ళు చూడాలంటే చలికాలం అనువైనది. పడవలు తిరిగేదీ లేనిదీ నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. కెమెరాకు ఓ ప్లాస్టిక్ కవరు, అదనపు బ్యాటరీ, పిల్లలకు టోపీలు మరచిపోకండి.