'పింజారి' అన్న పేరు

చిత్రకారునికి పటం మిగులుతుంది. కవికి గ్రంథం మిగులుతుంది. వేదికపై నిలిచి కథ చెప్పినవానికి మిగిలేదేమిటి? ఈ ప్రశ్నే కనిగిరిలోని మా కళాశాల వరండాలో కీర్తిశేషులు షేక్ నాజర్ గారిపై మేము ఏర్పాటు చేసిన చిన్న ప్రదర్శనకు మూలం.

ఆ ఊహ దూరదేశం నుండి వచ్చింది. పోలండు నాటక ప్రయోక్త తడేయుష్ కాంటోర్ 1955లో చిత్రకారిణి మరియా యరేమాతో కలిసి క్రాకో నగరంలో 'క్రికో 2' నాటకశాలను నెలకొల్పాడు. ఆ కృషి చెదరిపోకుండా 1980లో అక్కడే 'క్రికోటెకా' అనే భాండాగారాన్ని స్థాపించాడు. మా అధ్యాపకులు ఈ సంగతి చెప్పినప్పుడు, మన బుర్రకథ పితామహునికి మనమేమి చేశామన్న చింత మాకు కలిగింది.

నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట జన్మించారు. ప్రజానాట్యమండలి వేదికలపై బుర్రకథను జనం గొంతుకగా మలిచారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధాలతో పాటు బెంగాలు కరవును సైతం కథగా వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూశారు.

అరువు తెచ్చిన ఒక తంబురను, రెండు డక్కీలను బల్లపై అమర్చాము. బుర్రకథలో నడుమ కథకుడు, ఒక ప్రక్క హాస్యం, మరొక ప్రక్క రాజకీయం చెప్పే వంతలు. వంత లేనిదే కథ నడవదు. నాజర్ గారి జీవితకథకు అటువంటి వంత అంగడాల వెంకట రమణమూర్తి గారు. ఆయన చెప్పగా విని, వీరు అక్షరబద్ధం చేశారు. ఆ గ్రంథం పేరు 'పింజారి'.

ఆ పేరును అట్టపై వ్రాయబోతూ మా చేయి ఆగింది. మాలో కొందరి తాతలు వింటితో దూది ఏకి బ్రతికినవారే. ఆ మాట తిట్టుగా ఎన్నిసార్లు మా చెవిన పడిందో లెక్కలేదు. 'ఆత్మకథ' అని మాత్రం వ్రాసి ఊరుకుందామనుకున్నాము. ప్రదర్శన చూడవచ్చిన మా మిత్రుని తాతగారు ఖాళీ అట్టను చూసి కారణమడిగారు. చెప్పాము. "ఆయనే దాచుకోని పేరును మీరు దాచేదేమిట్రా?" అన్నారు.

సిగ్గుతో తలవంచుకొని, ఆ మూడక్షరాలనూ పెద్దవిగా వ్రాశాము.

మరునాడు తంబుర, డక్కీలు యజమానుల ఇండ్లకు చేరాయి. అట్ట మాత్రం మా గ్రంథాలయంలో నిలిచింది. కథకునికి మిగిలేదేమిటన్న ప్రశ్నకు మాకు దొరికిన సమాధానం అదే: తలెత్తి చెప్పుకొన్న పేరు, దానిని శ్రద్ధగా వ్రాసిపెట్టిన ఒక మిత్రుడు.