వెనుక అద్దము

గాజు విచిత్రమైన వస్తువు. గాలిని, వానను ఆపును గాని వెలుతురును ఆపదు. ఇంటి కిటికీకైనను బండి కిటికీకైనను దానిని అమర్చుకొనుట యిందుకొరకే. అట్టి గాజునకు మనమే యొక పొరను అంటించి, కొన్నియేండ్లకు ఆ పొరను ఊడదీయుటకు పడరాని పాట్లు పడుదుము. గడచిన వేసవి సెలవులలో అట్టి పని యొకటి మా పాలబడెను. అందులో కొంత ప్రకృతిశాస్త్రమును, కొంత చట్టమును, కొంత సంసారధర్మమును ఇమిడియుండుటచేత, మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మా అన్నగారికి ఒక చిన్న కారు ఉండెడిది. 2008వ సంవత్సరమున ఆయన దాని ప్రక్క అద్దములకును వెనుక అద్దమునకును, దుకాణదారులు సన్‌ఫిలిము అని పిలుచు నల్లపొరను వేయించిరి. అప్పటికి ఆయన కుమార్తె రెండేండ్ల బిడ్డ. వెనుకసీటులో నిద్రించు బిడ్డ మొగముపై ఎండ పడరాదని ఆయన తలంపు. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 100వ నిబంధన ప్రకారము, ముందు వెనుక అద్దములగుండ నూటికి 70 వంతులును, ప్రక్క అద్దములగుండ 50 వంతులును వెలుతురు ప్రసరింపవలెను. 2012వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము, అద్దములకు నల్లపొరలు అంటింపనే కూడదని తీర్పు చెప్పెను. పిమ్మట నిబంధన సవరింపబడుటచేత, పై కొలతలకు లోబడిన పొర యుండవచ్చునని 2024లో కేరళ ఉన్నత న్యాయస్థానము చెప్పినది. అయినను ఆ కొలతలకు మించి వెలుతురును ఆపు పొర నేటికిని తగదు.

తీర్పు వెలువడిన వెంటనే అన్నగారు ప్రక్క అద్దముల పొరలను తీయించిరి. వెనుక అద్దము మాత్రము నిలిచిపోయెను. ఆ గాజు లోపలివైపున మంచును కరగించు సన్నని విద్యుత్తు గీతలు కలవు. పొరతోపాటు అవియు లేచివచ్చునని దుకాణమువాడు వెనుదీసెను. 2019లో అన్నగారు ప్రభువునందు నిద్రించిరి. కారు పాకక్రింద చేరెను.

ఆనాటి పసిబిడ్డ యిపుడు నర్సుల శిక్షణలో నున్నది. లైసెన్సు సంపాదించి, తల్లిని ఆసుపత్రికిని ఆరాధనకును తానే తీసికొనిపోవుచున్నది. ఒకనాటి సందెవేళ ఆమె సందులోనుండి బండిని వెనుకకు నడపుచుండగా, చక్రములకు మూరెడు దూరమున పొరుగింటి పిల్లవాడు గోలీలు ఏరుకొనుచుండెను. ఎదురింటి ముసలమ్మ కేకవేయకున్నయెడల ఏమి జరిగెడిదో తలంచుటకే భయము. ఆ పొర అప్పటికి ఊదారంగునకు మారి, బుడగలు లేచి, దానిగుండ మనిషికిని స్తంభమునకును భేదము తెలియకుండెను.

పొర తీయవలెనని మేము చెప్పగా వదినగారు చాలసేపు మాటాడలేదు. "బాబూ, ఆయన దగ్గర నిలుచుండి వేయించినది అదొక్కటే మిగిలినది" అనిరి. మేమును బలవంతపెట్టలేదు. మరునాటి యుదయమున ఆమెయే వచ్చి, "దీని మొగమున ఎండ పడగూడదని ఆయన వేయించెను. ఇపుడది దీని కంటికే అడ్డమైనది. ఆయనే యున్నచో ఈపాటికి తీయించియుండును. తీసివేయుడు" అనిరి.

ఇక పని సంగతి. ఈ పొర పాలియెస్టరు అను ప్లాస్టిక్కుతో చేయబడి, జిగురుతో గాజునకు అంటుకొనియుండును. చవుకరకపు పొరలలో నలుపు ఒక్క రంగు కాదు, పలురంగుల కలయిక. ఎండలోని అతినీలలోహిత కిరణములకు అవన్నియు సమానముగ వెలియవు. కొన్ని ముందుగా నశించి ఊదా మిగులును. జిగురు చెడినచోట బుడగలు లేచును. జిగురు వేడికి మెత్తబడును, చల్లదనమునకు బిగియును. ఈ యొక్క సూత్రము తెలిసినచో సగము పని తీరినట్లే.

మొదట ఆ గీతలను పరీక్షించితిమి. గాజుపై ఆవిరి పట్టించి మీట నొక్కగా, పదింటిలో తొమ్మిది గీతలవెంబడి తేమ తొలగెను. ఒకటి అప్పటికే తెగియుండెను. ముందే చూచుకొనుటచేత తరువాత ఒకరినొకరు నిందించుకొనవలసిన పని లేకపోయెను. సీటుపై పాత దుప్పట్లు పరచి, బండిని మధ్యాహ్నపు టెండలో నిలిపితిమి. వెండ్రుకలు ఆరబెట్టు యంత్రముతో ఒక మూలను వేడిచేసి, గోటితో అంచు లేపి, గీతలు సాగు దిక్కుననే మెల్లమెల్లగా లాగితిమి. వేడిని ఒకేచోట నిలుపరాదు. తొందరపడి లాగినచో పొర చినిగి, జిగురు గాజుననే నిలిచిపోవును. ప్రక్క అద్దములకు బ్లేడు పనికివచ్చును గాని, గీతలున్న అద్దమున దానిని తాకింపరాదు. మిగిలిన జిగురుపై సబ్బునీటిలో తడిపిన గుడ్డను పరచి నానబెట్టి, మెత్తని ప్లాస్టిక్కు ముక్కతో త్రోసి, తుదకు ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడిచితిమి. కొందరు అమ్మోనియా వాడుదురు. మూసిన బండిలో దాని ఘాటు కన్నులకును ఊపిరికిని హాని. బ్లీచింగు ద్రవముతో కలిసినచో విషవాయువే పుట్టును. కావున మేము దాని జోలికి పోలేదు.

మూడుగంటలకు పని ముగిసెను. మరల పరీక్షింపగా తొమ్మిది గీతలును చెక్కుచెదరలేదు. వదినగారు బండివెనుక నిలుచుండి ఊడిన పొరను చుట్టుచుండిరి. అమ్మాయి ముందుసీటులో కూర్చుండి, పై అద్దములో చూచి, "అమ్మా, నీవు కనబడుచున్నావు" అనెను. వదినగారు ఆ చుట్టను చెత్తబుట్టలో వేసి లోపలికి పోయిరి.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమున అద్దము ప్రస్తావన కలదు. అది మొగము చూచుకొను అద్దమే గాని కిటికీ అద్దము కాదు. కాబట్టి ఆ వాక్యమును మా కారునకు ముడివేయము. అయినను ఆ అధ్యాయమంతయు ప్రేమను గూర్చినది. ప్రేమతో వేసినదానిని సమయము వచ్చినపుడు ప్రేమతోనే తీసివేయవలసియుండునని వదినగారివలన మేము నేర్చితిమి.

తలిదండ్రులకు మా మనవి: మీ బండి వెనుక అద్దమును నేడే ఒకమారు తుడిచి, దానిగుండ చూడుడు. విద్యార్థులారా, నిలిచియున్న బండివెనుక ఎన్నడును ఆడకుడు. నడపువారికి మీరు కనబడుచున్నారని తలంపవలదు.