పన్నెండు వరుసల పద్యం

మా పెద్దత్తయ్యకి 83 ఏళ్లు. తెనాలిలో ఉంటుంది. ఇప్పటికీ పద్యం కడుతుంది. మొన్న డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి, అంటే మా బావ, షష్టిపూర్తికని ఓ సీసం రాసి, "ఒరేయ్, దీన్ని వాడికి పంపించరా" అని నా చేతిలో పెట్టింది. రూళ్ల కాగితం మీద నీలం సిరా. నాలుగు పాదాలూ రెండేసి వరుసలుగా విరిచి, కింద తేటగీతి నాలుగు వరుసలూ కాస్త లోపలికి జరిపి రాసింది. నేనూ అచ్చం అలాగే టైపు చేసి, రెండుసార్లు సరిచూసుకుని మెయిల్ చేశాను.

రాత్రి ఫోనొచ్చింది. "పద్యం అన్నావు, ఇది వ్యాసంలా ఉందేంటోయ్?" అన్నాడు బావ. తెరని ఫోటో తీసి పంపాడు. పన్నెండు వరుసలూ కలిసిపోయి ఒకటే పేరా! నేను పంపిన మెయిల్ నా దగ్గర తెరిచి చూస్తే ఎక్కడి వరుస అక్కడే ఉంది. అత్తయ్యకి ఆ ఫోటో చూపించాను. ముఖం చిన్నబుచ్చుకుంది. "సీసం విరిచి రాస్తేనే కదరా, చదివేవాడికి ఊపిరెక్కడ తీసుకోవాలో తెలిసేది" అంది.

ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. రెండు రోజులు దాని వెనకే పడ్డాను. తెలిసింది మీకూ చెబుతాను. పెళ్లి పిలుపో, సంఘం లెక్కలో, పత్రికకి కవితో పంపి, అవతల మరోలా కనబడిందని బాధపడ్డవాళ్లు మీలో తప్పకుండా ఉంటారు.

కవర్లో పెట్టిన కాగితమే అవతలికి చేరినట్టు, మనం చూసిన పేజీయే మెయిల్లో చేరుతుందనుకుంటాం. అలా చేరదండీ. 2013 జులైలో ఆగిపోయిన టెలిగ్రాం గుర్తుందా? మన చేతిరాత వెళ్లేది కాదు, మాటలు వెళ్లేవి. అవతలి ఆఫీసు వాళ్లు తమ కాగితం మీద వాటిని మళ్లీ రాసి ఇచ్చేవారు. మెయిలూ అంతే. వెళ్లేవి అక్షరాలూ, వాటిని ఎలా చూపించాలో చెప్పే సూచనలూ. పేజీని పేర్చేది మాత్రం అందుకున్నవాళ్ల ప్రోగ్రామే. అందుకే మన దగ్గరున్న నకలు చక్కగా ఉందంటే దానివల్ల రుజువయ్యేదేమీ లేదు. దాన్ని చూపిస్తున్నది మన ప్రోగ్రాం కదా.

1982లో మెయిల్ నియమాలు రాసుకున్నప్పుడు అందులో ఇంగ్లీషు అక్షరాలకే చోటు. బొద్దక్షరాలు, రంగులు, తెలుగు, ఏవీ లేవు. 1992లో మైమ్ అనే పద్ధతి వచ్చాక మిగతా భాషలకీ, బొమ్మలకీ దారి దొరికింది. ఆ దారిన మన 'త' ఎలా వెళుతుందో చూడండి. యూనికోడ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు. దాన్ని పాత నియమాలకి ఒదిగేలా మారిస్తే, ఒక పద్ధతిలో తొమ్మిది గుర్తులవుతుంది. అవతల మళ్లీ విప్పితే 'త'. విప్పడంలో పొరపాటు జరిగితే కనబడేవి పిచ్చి గీతలే.

ఇంకోటి. ఇప్పటి మెయిళ్లలో చాలావాటి లోపల రెండు ప్రతులుంటాయి. ఒకటి ఏ అలంకారమూ లేని ఉత్త అక్షరాలు, రెండోది అలంకారాల సూచనలతో ఉండే హెచ్‌టీఎంఎల్. ఏది చూపించాలో అవతలి ప్రోగ్రాం ఇష్టం. మొదటిది చూపిస్తే మీ ఎర్రరంగూ, మీ గీతలూ ఉండవు. రెండోది చూపించినా అందరూ ఒకేలా చూపించరు. ఔట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ని వర్డ్ పద్ధతిలో పేర్చడం మొదలుపెట్టింది, బ్రౌజర్ పద్ధతిలో కాదు.

మరి బావ దగ్గర జరిగిందేమిటి? నేను పంపింది ఉత్త అక్షరాల మెయిల్. పాతరోజుల్లో వరుసకి 78 గుర్తులు దాటకుండా విరిచి పంపమనేవారు. ఆ మెయిళ్లు ఇప్పటి తెరల మీద ఓ వరుస పొడుగ్గా, ఓ వరుస పొట్టిగా చిందరవందరగా కనబడతాయి. ఆయన ఆఫీసులో వాడే ప్రోగ్రాం వాటిని సర్దడానికి వరుసల్ని కలిపేస్తుంది. అత్తయ్య విరుపుల్ని కూడా అలాంటివే అనుకుంది పాపం. ఉత్తరం పైన సన్నటి పట్టీలో, అదనపు వరుస విరుపులు తీసేశాం అని రాసే ఉందట. "దాన్ని నొక్కు బావా" అన్నాను. నొక్కాడు. పన్నెండు వరుసలూ లేచి నిలబడ్డాయి.

తేటగీతి మాత్రం అనుకున్నంత లోపలికి జరగలేదు. తప్పు నాది. లోపలికి జరపడానికి స్పేస్‌బార్ కొట్టాను. స్పేస్ వెడల్పు ఫాంటుని బట్టి మారుతుంది, నా ఫాంటు ఆయన దగ్గర లేదు. హెచ్‌టీఎంఎల్ మెయిల్లో జరపడానికి విడిగా బటన్ ఉంటుంది, దాన్నే వాడాలి. లెక్కల వరుసలైతే పట్టిక గీయడమే మేలు.

పైన నేను రాసిన 'డల్లాస్‌లో' అన్న మాట కూడా చూడండి. 'స్'కీ 'లో'కీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తుంది, రెండూ అతుక్కోకుండా ఆపేది అదే. దారిలో ఏ పాత ప్రోగ్రామైనా దాన్ని ఊడ్చేస్తే 'డల్లాస్లో' అయి కూర్చుంటుంది. మీ తెలుగులో ఒత్తులు ఉన్నట్టుండి పుట్టుకొస్తే ముందు దీన్నే అనుమానించండి. డీటీపీ వాళ్లిచ్చిన అను ఫాంట్ల మేటరైతే యూనికోడ్‌లోకి మార్చకుండా మెయిల్లో అతికించొద్దు. ఆ ఫాంటు లేనిచోట అది తెలుగే కాదు.

ఇప్పుడు ముఖ్యమైనది ఏది పంపాలన్నా ముందు నాకే, వేరే కంపెనీ మెయిల్ అడ్రసుకి పంపుకుని, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ తెరిచి చూస్తున్నాను. ఇంకోచోటినుంచి తెచ్చి అతికించేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వీ మూడూ కలిపి నొక్కుతున్నాను, పాత అలంకారాలు వెంట రాకుండా. రూపం చెడకూడదనుకున్నది పీడీఎఫ్ చేసి, ఫాంటుని అందులోనే పొదిగి జతచేస్తున్నాను.

అత్తయ్య పద్యాన్నీ అలాగే మళ్లీ పంపాను, ఆ నీలం సిరా కాగితం ఫోటోతో సహా. బావ ఫోన్ స్పీకర్లో పెట్టి చదివాడు. మూడో పాదం సగంలో ఆగకుండా సాగిపోబోతే, "ఆగరా, అక్కడ విరుపుంది" అంది అత్తయ్య. ఆగాడు.