చివరి నొక్కు

లంకె ద్వారా సరుకు అమ్మిపెట్టి కమీషను పుచ్చుకొనేవారిని అఫిలియేట్లంటున్నాం. తెలుగులో సరైన మాట నాకింకా తట్టలేదు. మారుబేరగాళ్ళందామంటే వీరు సరుకు కొనరు. దళారులందామంటే ఆ మాటకంటిన మసి అందరికీ తగదు. ప్రస్తుతానికి కమీషనువారు అనుకుందాం. పుస్తకాల లంకెలతో కొంతకాలం నేనూ ఆ పని చేశాను. కాఫీ ఖర్చులకు సరిపడా వచ్చేది.

అమెజాన్ ఈ పద్ధతిని 1996లో మొదలుపెట్టింది. 2020 ఏప్రిల్‌లో, జనమంతా ఇళ్ళలో కూర్చుని కొంటున్న రోజులలో, అమెరికాలో ఫర్నిచరుపై 8 శాతం ఉన్న కమీషనును 3కు, కిరాణాపై 5ను 1కి తగ్గించింది. గడువు వారం. అదే కోత ఒక కర్మాగారంలో పడితే గేటు ముందు టెంటు లేచేది. ఇక్కడ ఎవరికి వారు వేరే వ్యాపారులను వెతుక్కున్నారు.

స్వార్థమని తేల్చేయడం తేలికే గాని, నాకది అంతగా రుచించదు. చిక్కంతా లెక్క కట్టే తీరులో ఉంది. కొనేవాడు పది చోట్ల చదివి, ఆఖరున ఎవరి లంకె నొక్కి కొంటే సాధారణంగా కమీషనంతా వారిదే. నెలరోజులు శ్రమించి సమీక్ష రాసినవానికి సున్న, చివరి నిమిషంలో కూపను చూపినవానికి మొత్తం. ఆటోస్టాండులోనూ పోటీ ఉంటుంది, కాని వరుసా ఉంటుంది. నా వంతు తరువాత నీ వంతన్న నమ్మకం మీదే అక్కడ సంఘం నిలుస్తుంది. ఇక్కడ పక్కవాడి ముఖమే కనబడదు, అతని ప్రతి అమ్మకమూ నాకు పోయినదే అనిపిస్తుంది.

హనీ అనే కూపన్ల ఉపకరణం ఇతరుల కమీషనును తనవైపు మళ్ళించుకుంటోందని 2024 డిసెంబరులో ఒక యూట్యూబరు ఆరోపించాడు. పిమ్మట దావాలు పడ్డాయి. దాని యజమాని పేపాల్, చివరి నొక్కు సూత్రం ఈ వ్యాపారంలో వాడుకేనని సమాధానమిచ్చింది. గమనించండి, జవాబుగా చెప్పినదీ ఆ సూత్రమే!

వీరు కలిసి గెలిచిన సందర్భం లేకపోలేదు. రాష్ట్రంలో కమీషనువారున్న వ్యాపారి అమ్మకం పన్ను వసూలు చేయాలని 2011లో ఇల్లినాయ్ చట్టం చేస్తే, పన్ను తప్పించుకోవడానికి వ్యాపారులు వీరినే వదిలించుకున్నారు. పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ అసోసియేషన్ కోర్టుకెక్కింది. 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. అయితే ఆ సంఘంలో కమీషను పుచ్చుకొనేవారే కాక ఇచ్చేవారూ సభ్యులే. సర్కారుతో తగవుకు అది సరిపోయింది. కమీషను కోతపై అదే సంఘం ఎవరిని నిలదీస్తుంది?

సంఘం మాట అటుంచి, తమకందే శాతాన్ని ఒకరికొకరు చెప్పుకున్నా కొంత మేలు. నాకు తెలిసిన ముగ్గురు ఏళ్ళ తరబడి ఒకే వ్యాపారికి సరుకు అమ్మిపెట్టారు. ముగ్గురూ మంచి స్నేహితులు, పెళ్ళిళ్ళకు కుటుంబాలతో వచ్చిపోయేవారు. ఎవరికెంత ఇస్తున్నాడో వ్యాపారికి తప్ప వారికి తెలియదు.